గింజ ఒకటే... గ్రేడులే వేరు!

పలాసలో జీడిపప్పును గ్రేడులుగా విడదీస్తారు. కంప్యూటరు మెకానిక్కు చేసేది దానికి సరిగ్గా తలకిందుల పని. విడివిడిగా వచ్చిన విండోస్‌లన్నిటినీ ఒక్క డిస్కులోకి చేర్చడం! ఆ డిస్కు కథలో మన ఇంటి లాప్‌టాప్ అడుగున అంటించి ఉన్న చిన్న స్టిక్కరుకూ పెద్ద పాత్రే ఉంది.

'సిస్టం లేవట్లేదు బాబూ... ఓపాలి వచ్చి సూసెల్లు!'

2000ల్లో కాశీబుగ్గలోనో టెక్కలిలోనో కంప్యూటరు దుకాణం పెట్టుకున్న ఏ కుర్రాడికైనా పొద్దున్నే వచ్చే ఫోను ఇదే. చేసేది కవిటి దగ్గర కొబ్బరితోట మధ్య ఇంట్లో ఉండే మాస్టారు కావచ్చు. మందసలో జిరాక్సు షాపాయన కావచ్చు. వజ్రపుకొత్తూరు తీరంలో, ఓడమీద ఉద్యోగానికి వెళ్తూ కొడుకు కొనిచ్చిన కంప్యూటర్లో మనవడి ఫొటోలు చూసుకునే తల్లి కావచ్చు. ఎవరైనా సరే, వాళ్లకు తెలిసింది ఒక్కటే. నిన్న రాత్రి దాకా పనిచేసిన పెట్టె ఇవాళ నల్లటి తెరమీద ఏవో తెల్లక్షరాలు చూపించి ఆగిపోతోంది.

కుర్రాడు సంచి సర్దుకుంటాడు. స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే బ్రష్షు, పాత ర్యామ్ ముక్క ఒకటి, వైర్లు... వీటన్నిటికంటే బరువైనది జిప్పున్న సీడీల పౌచ్. ఎక్స్‌పీ హోమ్ ఒకటి, ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఒకటి, అందులోనే మళ్లీ రెండు మూడు రకాలు, విండోస్ 98 ఒకటి, డ్రైవర్ల సీడీలు పదో పన్నెండో. బస్సెక్కి, దిగి, ఆటో పట్టుకుని ఊరు చేరాక తీరా చూస్తే కావాల్సిన సీడీ మీద గీత పడి ఉంటుంది. లేదా తెచ్చింది ఒక రకం, ఆ ఇంట్లో ఉన్నది ఇంకో రకం! ఇక ఆ పూట కూలి పోయినట్టే. ఛార్జీలు అదనం.

ఈ తిప్పలోంచి పుట్టిందే 'ఆల్ ఇన్ వన్' డిస్కు. పలాసలోనే పుట్టిందని కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడ సంచీతో తిరిగే మెకానిక్ ఉన్నాడో అక్కడల్లా ఆ అవసరం పుట్టింది. కాకపోతే పెద్ద ఊరికి దూరంగా, ఇంటర్నెట్టుకు మరీ దూరంగా ఉన్న ఉద్దానం లాంటి చోట దాని విలువ నాలుగింతలు.

పప్పు లెక్క... విండోస్ లెక్క

పలాస వాళ్లకు ఈ సంగతి జీడిపప్పుతో చెబితే ఇట్టే అర్థమవుతుంది. కార్ఖానాలో పప్పు తీశాక డబ్ల్యూ 180, 210, 240, 320 అంటూ గ్రేడులు కడతారు. పౌనుకు ఎన్ని గుళ్లు తూగుతాయన్నదే ఆ అంకె. అంకె చిన్నదైతే గుడ్డు పెద్దది, ధరా పెద్దదే. రెండుగా విడిపోతే బద్ద, ఇంకా విరిగితే ముక్క. ఏదైనా ఒకే తోట గింజ!

విండోస్ కూడా అంతే. 2001 అక్టోబరు 25న వచ్చిన ఎక్స్‌పీలో ఇళ్లకు 'హోమ్', ఆఫీసులకు 'ప్రొఫెషనల్' ప్రధానమైన రకాలు. 2009 అక్టోబరు 22న వచ్చిన విండోస్ 7 నాటికి అవి ఆరయ్యాయి. స్టార్టర్, హోమ్ బేసిక్, హోమ్ ప్రీమియం, ప్రొఫెషనల్, ఎంటర్‌ప్రైజ్, అల్టిమేట్. ఇందులో హోమ్ బేసిక్ అనేది మనలాంటి దేశాల మార్కెట్ కోసం తెచ్చిన రకం. గాజుపలకల్లా మెరిసే కిటికీలు అందులో ఉండవు. ఆఫీసు నెట్‌వర్కులో చేరే వీలు ప్రొఫెషనల్ నుంచి పైవాటికే ఉంటుంది. డిస్కు మొత్తానికి తాళం వేసే ఏర్పాటు అల్టిమేట్, ఎంటర్‌ప్రైజ్‌లలోనే.

అయితే జీడిపప్పుకూ దీనికీ ఒక తేడా ఉంది. 320 గుడ్డును ఎంత బతిమాలినా 180 కాదు. విండోస్ 7లో మాత్రం హోమ్ బేసిక్ కొన్న ఇంట్లో కూడా పై రకాలకు కావాల్సిన సరుకు చాలావరకు అప్పటికే హార్డ్‌డిస్కులోకి వచ్చి కూర్చుని ఉండేది. డబ్బు కట్టి పై రకం తాళంచెవి... అంటే 25 అక్షరాల 'కీ' కొట్టగానే పది నిమిషాల్లో బేసిక్ కాస్తా ప్రీమియం అయిపోయేది. కొత్త డిస్కు అక్కర్లేదు. గింజంతా ముందే ఇచ్చేసి, కొంత భాగానికి తాళం వేసి అమ్మడమన్నమాట. వ్యాపారం తెలిసినవాళ్లే!

తాళం ఒకటి, చెవి ఇంకొకటి

ఎక్స్‌పీ రోజుల్లో మెకానిక్కును నిజంగా ఏడిపించింది హోమా, ప్రొఫెషనలా అన్నది కాదు. ఒకే ప్రొఫెషనల్‌లో మళ్లీ మూడు వంశాలుండేవి. దుకాణంలో పెట్టెగా అమ్మేది రిటైల్. కంప్యూటరుతో పాటు వచ్చేది ఓఈఎం. పెద్ద సంస్థలు టోకున తీసుకునేది వాల్యూమ్. మూడింటిలోనూ ఉన్న విండోస్ ఒకటే. కానీ సీడీలోని ఒక చిన్న అక్షరాల ఫైలు 'నేను ఫలానా వంశం' అని చెబుతుంది. ఆ వంశానికి చెందని కీని సెటప్ ఒప్పుకోదు. కంప్యూటరు పక్కన అంటించిన అసలు సిసలు స్టిక్కరు చూసి కీ కొట్టినా 'చెల్లదు' అంటుంది!

అసలు కథ ఇక్కడే అడ్డం తిరిగింది. డబ్బిచ్చి కొన్న కీ చెల్లడం లేదు. తన దగ్గరున్న సీడీ వేరే వంశంది. మాస్టారు ఎదురుగా కూర్చుని టీ ఇచ్చి మరీ చూస్తున్నారు. చివరి బస్సు వేళవుతోంది. అప్పుడు చాలామంది చేసిన పని, సీడీ కవరు మీద పెన్నుతో రాసుకున్న 'అందరి కీ' కొట్టేయడం. పని అయిపోయింది. కానీ ఆ ఇంటివాళ్లు న్యాయంగా కొనుక్కున్న విండోస్ పోయి, దాని స్థానంలో దొంగ విండోస్ వచ్చి కూర్చుంది. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఎక్స్‌పీలో డిస్కు అవసరం ఇన్‌స్టాలేషన్‌తో తీరేది కాదు. తెలుగు చదవాలన్నా డిస్కే కావాలి! గౌతమి ఫాంటు ఎక్స్‌పీతోనే వచ్చింది. కానీ తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే ఏర్పాటు మామూలుగా నిద్రపోతూ ఉండేది. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి భాషల దగ్గర ఒక గడిలో టిక్కు పెడితే 'విండోస్ సీడీ పెట్టండి' అని అడిగేది. సీడీ లేని ఇంట్లో తెలుగు ఒత్తులన్నీ విడిపోయి, చెల్లాచెదురుగా కనిపించేవి. ఇంట్లో తెలుగు కనిపించడం మెకానిక్ సంచిలోని ఒక సీడీ మీద ఆధారపడిన రోజులవి. 2007లో విస్టా వచ్చాక ఆ బెడద తీరింది.

ఒకే ఇంటికి రెండు గుమ్మాలు

మరి ఇన్ని సీడీలను ఒక్కదానిలో కలపడమెలా? సీడీలో పట్టేది 700 ఎంబీ. ఎక్స్‌పీ ఒక్కటే దాదాపు 600 ఎంబీ దాకా తింటుంది. హోమ్, ప్రొఫెషనల్ రెండూ పెట్టాలంటే రెండు సీడీలు కావాలి కదా?

కిటుకు ఏమిటంటే, ఆ రెండింటిలోనూ నూటికి తొంభై పైగా ఫైళ్లు అచ్చంగా ఒకటే. తేడా వచ్చేవి కొన్నే. డిస్కులో రెండు భాగాలుంటాయి. ఒకటి అసలు సరుకు, రెండోది ఏ సరుకు ఎక్కడుందో చెప్పే విషయసూచిక. డిస్కు తయారుచేసే సాఫ్ట్‌వేర్ రెండు ఫోల్డర్లలోని ఫైళ్లను పోల్చి చూసి, ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే రాస్తుంది. సూచికలో మాత్రం రెండు చోట్ల పేరు రాసి, రెండింటి వేలునూ ఒకే చోటికి చూపిస్తుంది. పైకి చూస్తే రెండు నిండు ఫోల్డర్లు! లోపల సరుకు ఒకటే. ఒకే పొలానికి రెండు పాస్‌బుక్కులు రాయడం రెవెన్యూ ఆఫీసులో మోసం. డిస్కులో మాత్రం పొదుపు.

దాని పైన ఒక మెనూ పెడతారు. డిస్కు పెట్టి కంప్యూటరు ఆన్ చేయగానే 'ఒకటి నొక్కితే హోమ్, రెండు నొక్కితే ప్రొఫెషనల్' అంటూ తెర కనిపిస్తుంది. వినడానికి ఇంతే. చేయడానికి మాత్రం రాత్రుళ్లు గడిచిపోయేవి. ఎక్స్‌పీ బూట్ ఫైళ్లు తమ ఫోల్డరు పేరును గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి. ఆ పేరును లోపలికి వెళ్లి, అక్షరాల సంఖ్య చెడకుండా మార్చాలి. ఒక్క అక్షరం తప్పితే డిస్కు లేవదు. అప్పటికే రాసిన ఖాళీ సీడీ చెత్తబుట్టకే. సర్వీస్‌ప్యాకులు కలిపే ఎన్‌లైట్ లాంటి పనిముట్లు వచ్చాక కొంత సుఖపడ్డారు.

2007 జనవరి 30న విస్టా విడుదలతో లెక్క మొత్తం మారింది. ఈసారి మైక్రోసాఫ్టే ఆ పని చేసింది! విండోస్ మొత్తాన్ని 'విమ్' అనే ఒక పెద్ద మూటలో కట్టింది. మూటలోకి వచ్చే ప్రతి ఫైలుకూ ఒక వేలిముద్ర తీసుకుంటారు. రేషన్ డిపోలో వేలు పెట్టగానే మిషన్ గుర్తుపట్టినట్టే, అదే ముద్ర ఉన్న ఫైలు మళ్లీ వస్తే 'ఇది ముందే ఉంది' అని పక్కనపెట్టి, పేరు మాత్రం రాసుకుంటుంది. కాబట్టి ఒక్క మూటలో నాలుగైదు రకాల విండోస్ పెట్టినా బరువు కాస్తే పెరుగుతుంది. దుకాణంలో కొన్న విస్టా డీవీడీలో ఇళ్లకు, వ్యాపారాలకు అమ్మే రకాలన్నీ ఉండేవి. పైన పెట్టె మీద పేరు వేరు, లోపల పళ్లెం ఒకటే. ఏ రకం ఇవ్వాలో కీ నిర్ణయిస్తుంది.

విండోస్ 7లో ఈ తంతు ఇంకా తేలిక. సోర్సెస్ అనే ఫోల్డరులో 'ఈఐ' పేరుతో రెండు మూడు లైన్ల ఫైలు ఒకటుంటుంది. 'ఈ డిస్కు అల్టిమేట్' అనో 'హోమ్ ప్రీమియం' అనో అందులో రాసి ఉంటుంది. అంతే! దాన్ని తీసేసి డిస్కు మళ్లీ రాస్తే సెటప్ అమాయకంగా 'ఏ రకం కావాలి?' అంటూ జాబితా చూపిస్తుంది. 32 బిట్ డిస్కులో అలా అయిదు రకాలు. 64 బిట్‌లో స్టార్టర్ లేదు కాబట్టి నాలుగు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పనిముట్లతోనే ఆ నాలుగింటినీ ఈ అయిదింటి మూటలోకి ఎక్కిస్తే తొమ్మిది రకాలు! రెండు డిస్కులనూ విడివిడిగా కూడితే 4.7 జీబీల డీవీడీ చాలదు. ఉమ్మడి ఫైళ్లు ఒక్కసారే ఉండేసరికి అందులోనే ఇమిడిపోయేవి.

టెక్కలి లాంటి చోట 2001 నుంచీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. హాస్టలు గదిలో ఈ విద్య ఒకరి నుంచి ఇంకొకరికి పాకడానికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు. కంప్యూటర్ ఎరా లాంటి తెలుగు మాసపత్రికలూ అప్పటికే కంప్యూటరు కిటుకులను ఇంటిభాషలో చెబుతుండేవి.

రాత్రికో సీడీ

ఇంత కష్టపడి కలపడమెందుకు, ఎప్పుడు కావాలంటే అప్పుడు దించుకోవచ్చుగా అని ఇవాళ్టి పిల్లలు అడుగుతారు. ఓ లెక్క చూడండి. ఫోను తీగతో వచ్చే డయలప్ నెట్ గరిష్ఠ వేగం 56 కేబీపీఎస్. ఎక్కడా తెగకుండా, పూర్తి వేగంతో వస్తేనే 600 ఎంబీల సీడీ దిగడానికి ఒక పగలూ ఒక రాత్రీ. ఈలోగా ఫోను మోగకూడదు. వాన పడకూడదు!

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 256 కేబీపీఎస్‌తో మొదలైంది. కొన్ని ప్లాన్లలో రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా ఎంత వాడినా అదనపు బిల్లు ఉండేది కాదు. ఆ ఆరు గంటల్లో దిగేది సుమారు 690 ఎంబీ. అంటే సరిగ్గా రాత్రికో సీడీ! బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ ఉన్న కుర్రాళ్లు ఒంటిగంటా యాభైకి అలారం పెట్టుకుని లేచింది చదువు కోసం కాదని అమ్మానాన్నలకు తర్వాతెప్పుడో తెలిసింది. 2007లో వేగం రెండు ఎంబీపీఎస్ దాకా పెంచాక అదే ఆరు గంటల్లో డీవీడీ దిగే వీలొచ్చింది. ఆ సౌకర్యం పట్నంలో తీగ బాగున్నచోటనే. తోటల మధ్య ఇళ్లకు డిస్కే నెట్టు, మెకానిక్కే సర్వరు.

పైసా ఖర్చులేని దారి ఒకటి అప్పుడే తపాలాలో వచ్చింది. ఉబుంటు అనే లినక్స్‌ను తయారుచేసేవాళ్లు 2005 నుంచి 2011 దాకా అడిగినవాళ్లకల్లా సీడీలు ఉచితంగా పోస్టులో పంపారు. చిరునామా ఇస్తే చాలు. మొదట్లో కవరులో రెండు సీడీలుండేవి. ఒకటి ఇన్‌స్టాల్ చేయడానికి, రెండోది ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే నడిపి చూడటానికి. 2006 జూన్‌లో వచ్చిన 6.06 వెర్షన్‌లో ఆ రెండింటినీ ఒకే సీడీగా కలిపేశారు. నడిపి చూడు, నచ్చితే అక్కడే ఎక్కించుకో! కలపడమనే ఆలోచన విండోస్ మెకానిక్కులకే సొంతం కాదన్నమాట. అంతకుముందే, 2000లో క్లౌస్ నాపర్ అనే జర్మన్ ఇంజినీరు నాపిక్స్ పేరుతో రెండు జీబీల సరుకును పిండి పిండి ఒక సీడీలో కూరాడు. ఇక 2005లో కేంద్ర ప్రభుత్వం సీ-డాక్ ద్వారా తెలుగు ఫాంట్లు, తెలుగు ఆఫీసు సాఫ్ట్‌వేరు కలిపిన సీడీని ఉచితంగా పంచింది. లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి హైదరాబాదులో 'స్వేచ్ఛ' బృందం పనిచేసింది. ఇవన్నీ పంచుకున్నా, కాపీ చేసుకున్నా తప్పులేనివి. కానీ మాస్టారికి అలవాటైంది విండోస్. పేజ్‌మేకర్ నడిచేది విండోస్‌లో. పిల్లాడి ఆట ఆడేది విండోస్‌లో. ఉచితంగా వచ్చిన సీడీ టీవీ మీద అద్దాల షోకేసులో బొమ్మ పక్కన చేరింది.

అల్టిమేట్ మోజు

తొమ్మిది రకాల జాబితా తెరమీద కనిపిస్తుంటే ఎవరు మాత్రం అన్నిటికంటే కింది రకం ఎంచుకుంటారు? 'మాస్టారూ, మీకు అల్టిమేట్ ఏసేస్తాను' అంటే ఇంటివాళ్లకూ ఆనందమే. పెళ్లిలో ఫస్టు బంతి భోజనం దొరికినట్టు!

నష్టం అక్కడే జరిగింది. లాప్‌టాప్ అడుగున స్టిక్కరు మీద 'విండోస్ 7 హోమ్ బేసిక్' అని ఉంది. దాని ధర లాప్‌టాప్ ధరలో కలిపి ఆ కుటుంబం ముందే కట్టింది. డిస్కులో హోమ్ బేసిక్ కూడా ఉంది. అది ఎంచుకుని స్టిక్కరు కీ కొడితే దర్జాగా, చట్టబద్ధంగా నడిచేది. అయినా అల్టిమేట్ ఎక్కించారు. దానికి కీ లేదు కాబట్టి తాళం పగలగొట్టే చిన్న ప్రోగ్రాము నడిపారు. అది ఎవరు రాశారో, లోపల ఇంకేం ఉందో ఎవరికీ తెలియదు. తాళం పగిలిన సంగతి మైక్రోసాఫ్టుకు తెలిసిపోతుందన్న భయంతో అప్‌డేట్లు ఆపేశారు. అంటే సొంత ఇంటి పట్టా బీరువాలో పెట్టి, పక్కవాడి స్థలంలో తలుపుల్లేని ఇల్లు కట్టుకున్నట్టు.

దాని ఫలితం రెండుసార్లు బయటపడింది. 2015 జులై 29న విండోస్ 10 వచ్చినప్పుడు అసలు విండోస్ 7, 8.1 ఉన్నవాళ్లందరికీ ఏడాదిపాటు దాన్ని ఉచితంగా ఇచ్చారు. దొంగ అల్టిమేట్ నడుస్తున్న లాప్‌టాపులకు ఆ హక్కు రాలేదు. అడుగున అసలు స్టిక్కరు ఉండి కూడా!

రెండోది 2017 మే 12. వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుశాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ జిల్లాల జాబితాలో శ్రీకాకుళమూ ఉంది. దాన్ని ఆపే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. అప్‌డేట్లు ఆపుకున్న అల్టిమేట్‌కు ఆ టీకా ఎక్కడిది?

చట్టం ఏమంటుందంటే... మన కాపీరైట్ చట్టం 52వ సెక్షను ప్రకారం, న్యాయంగా కొన్న సాఫ్ట్‌వేరు పాడైపోకుండా జాగ్రత్త కోసం బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. అంటే గీతలు పడే డిస్కుకు నకలు పెట్టుకోవడం నేరం కాదు. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే మాత్రం 63బి సెక్షను కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో వదిలే అధికారం కోర్టుకు ఉంది. డిస్కు వేరు, హక్కు వేరు. తొమ్మిది గదుల తాళాల గుత్తి చేతిలో ఉన్నంత మాత్రాన గదులన్నీ మనవి కావు. మన గది తాళం కూడా ఆ గుత్తిలోనే ఉందన్న సంగతి మరిచిపోవడం మాత్రం వింతే.

'ఫార్మాట్ కొట్టేమంటారా?'

దొంగ విండోస్ కంటే పెద్ద నష్టం ఈ రెండు మాటల్లో ఉంది. మెకానిక్ అడుగుతాడు. ఇంట్లోవాళ్లు సరేనంటారు. సీ డ్రైవ్ ఒక్కటే చెరిపితే సరిపోయేచోట హార్డ్‌డిస్కు మొత్తం తుడిచి పెట్టేస్తే పోయేది విండోస్ కాదు. వేరే డ్రైవుల్లో పెట్టుకున్న పెళ్లి ఫొటోలు, స్కాన్ చేయించిన పొలం కాగితాలు... ఉద్దానంలోనైతే ఏళ్ల తరబడి దాచిన కిడ్నీ పరీక్షల రిపోర్టులు. డాక్టరుకు పాత క్రియాటినిన్ అంకెలు చూపించాలంటే అవే ఆధారం. విండోస్‌ను మళ్లీ తెచ్చుకోవచ్చు. వాటిని తేలేం.

మంచి మెకానిక్కు ఎవరో ఇక్కడే తెలిసిపోతుంది. లినక్స్ లైవ్ సీడీ పెట్టి, హార్డ్‌డిస్కును ముట్టుకోకుండా కంప్యూటరును లేపి, ఫైళ్లన్నీ ముందు బయటికి తీసి, ఆ తర్వాతే విండోస్ డిస్కు బయటికి తీసేవాడు. షోకేసులో చేరిన ఆ ఉచిత సీడీ చివరికి ఇలా పనికొచ్చింది!

తుపాను తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు వేలకు వేలు కూలాయి. కరెంటు స్తంభాలు వరసగా నేలకొరిగాయి. చాలా పల్లెలు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. సెల్‌ఫోను టవర్లు మూగబోయాయి. అలాంటి చోట కరెంటు తిరిగొచ్చాక లేవని కంప్యూటరును బాగుచేయాలంటే 'నెట్ నుంచి దించుకోండి' అన్న సలహా ఏ మూలకు? కావాల్సినవన్నీ సంచిలోనే ఉండాలి.

అప్పటికి సంచిలో డిస్కు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. సముద్రపు ఉప్పుగాలికి డీవీడీ డ్రైవులు ఎలాగూ ఎక్కువ రోజులు బతకవు. అయితే పెన్‌డ్రైవ్‌తో కొత్త చిక్కు. కొత్త లాప్‌టాపులు చాలావరకు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ నుంచే లేస్తాయి. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు నాలుగు జీబీలు మించకూడదు. తొమ్మిది విండోస్‌లు కలిపి కట్టిన మూటేమో అంతకుమించిన లావు. మళ్లీ దాన్ని రెండు ముక్కలు చేయాలి. పైగా పాత 32 బిట్ బూట్‌తో కొత్త 64 బిట్ లాప్‌టాపు లేవదు. కలిపినవాళ్లే మళ్లీ విడదీయాల్సి వచ్చింది. 2020లో వచ్చిన వెంటాయ్ ఆ తలనొప్పిని కొంత తీర్చింది. దాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలు, విండోస్, లినక్స్ ఏ ఐఎస్ఓ ఫైలైనా ఉన్నదున్నట్టు పడేసుకోవచ్చు. మెనూ అదే చూపిస్తుంది. రాత్రుళ్లు మేల్కొని మూటలు కట్టిన తరం వాళ్లు దాన్ని చూసి కాస్త చిన్నబుచ్చుకునే ఉంటారు.

స్టిక్కరు లోపలికి వెళ్లింది

2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8 నుంచి లాప్‌టాపుల అడుగున కీ స్టిక్కరు మాయమైంది. కీని కంపెనీవాళ్లే మదర్‌బోర్డు చిప్పులో రాసి పంపుతున్నారు. చెమటకు చెరగదు, అరిగిపోదు. అన్ని రకాలూ ఉన్న డిస్కు పెట్టగానే సెటప్ ఆ చిప్పును చదివి, ఈ ఇంటికి ఏది చెల్లుతుందో తానే ఎంచుకుంటుంది. ఇక విండోస్ 10 దగ్గరకొచ్చేసరికి మైక్రోసాఫ్ట్ సొంత పనిముట్టే '32, 64 రెండూ ఒకే పెన్‌డ్రైవ్‌లో కావాలా?' అని అడిగింది. వీధి మెకానిక్ దొంగచాటుగా చేసిన పని కంపెనీ వెబ్‌సైటులో అధికారికంగా బటనై కూర్చుంది!

అయినా పాత మోజు పోలేదు. మన దేశంలో అమ్మే ఇంటి లాప్‌టాపుల్లో ఎక్కువగా వచ్చేది 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' రకం. పేరు చూసి అదేదో తక్కువ సరుకనుకుని 'ప్రో వేసేయండి' అంటారు. చిప్పులో ఉన్న కీ ప్రోకు చెల్లదు. తెర కింద మూలన 'యాక్టివేట్ విండోస్' అని బూడిదరంగు అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. దాన్ని పోగొట్టమని మళ్లీ ఫోను, మళ్లీ ఎవరో రాసిన తాళం పగలగొట్టే ప్రోగ్రాము. ఇంట్లో లాప్‌టాప్ ఉంటే ఒకసారి సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద యాక్టివేషన్ అన్నచోట చూడండి. రకం పేరు, 'డిజిటల్ లైసెన్స్' అన్న మాట కనిపిస్తే చాలావరకు నిశ్చింత. లేకపోతే, కొన్నప్పటి బిల్లు వెతికి అప్పుడు వచ్చిన రకాన్నే మళ్లీ వేయమనండి. డబ్బు మళ్లీ కట్టక్కర్లేదు. అది మీదే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగాయి. పేరు నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు మరో ఏడాది భద్రతా అప్‌డేట్ల ఏర్పాటు చేశారు. విండోస్ 11 అడిగే చిప్పులు లేని పాత లాప్‌టాపులు మాత్రం దానికి ఎదగలేవు. వాటిలో బ్యాంకు పని చేయకుండా జాగ్రత్తపడాలి. లేదంటే లినక్స్ వేసుకోవాలి. పిల్లల చదువుకు, సినిమాకు, ఉత్తరం టైపు చేసుకోవడానికి అది ధారాళంగా సరిపోతుంది. తెలుగు ఒత్తుల కోసం సీడీ పెట్టమని అడగదు కూడా.

మరి ఆ పాత సీడీలు ఏమయ్యాయంటారా? పంట చేలల్లోకి వెళ్లాయి. నడిమి కన్నంలోంచి దారం కట్టి గెడకు వేలాడదీస్తే గాలికి తిరుగుతూ ఎండలో తళుక్కుమంటాయి. పిట్టలు దగ్గరకు రావు. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కోదాని మీద మార్కరు పెన్నుతో రాసిన అక్షరాలు ఇంకా కనిపిస్తాయి... 'ఎక్స్‌పీ ఎస్పీ2, అన్నీ ఉన్నాయి'.